సవరణ: అఫ్జల్‌గంజ్, మూసీ వరద

హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్ గురించి మేం రాసిన వ్యాసంలో మూడు పొరపాట్లు దొర్లాయి. పాఠకులు మన్నించాలి.

మూసీ నది మీది పురానాపూల్ వంతెనను చార్మినార్ తర్వాత కట్టారని రాశాం. అది తప్పు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లోనే వంతెన పూర్తయింది. చార్మినార్, దానితోపాటే హైదరాబాద్ నగరం 1591 నాటివి. అంటే నగరం కంటే వంతెనే ముందు!

అఫ్జల్‌గంజ్ పేరు ఆరో నిజాం కాలంలో వచ్చిందన్నాం. కాదు, ఆ పేరు అయిదో నిజాం అఫ్జల్ ఉద్దౌలాది.

అసలు పెద్ద పొరపాటు జలాశయాల దగ్గర జరిగింది. 1908 సెప్టెంబర్ 28 వరద తర్వాత రెండు ఆనకట్టలనూ మూసీ మీదే కట్టారని రాశాం. ఉస్మాన్‌సాగర్ (1920) మూసీ మీద, హిమాయత్‌సాగర్ (1927) దాని ఉపనది ఈసీ మీద ఉన్నాయి. ఈ రెండు నదులూ లంగర్‌హౌజ్ దగ్గర, బాపూఘాట్ వద్ద కలిసి, ఆ తర్వాతే పురానాపూల్ వైపు వస్తాయి. ఒక్క పాయకే అడ్డుకట్ట వేస్తే రెండో పాయ నీరు అలాగే ఊరి మీదికొచ్చేది. అందుకే రెండు జలాశయాలు. వరద నివారణకు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనకు మూలం ఎగువనే నీటిని ఆపడం. ఒడ్డున గోడలు పెంచినంత మాత్రాన ఆ పని జరగదు.

ఉస్మానియా ఆసుపత్రి ఉత్తర ఒడ్డున, హైకోర్టు దక్షిణ ఒడ్డున అని రాసింది సరైనదే.