పాటలు కట్టే యాప్ గారికి పెళ్లికూతురి తండ్రి లేఖ

మహారాజశ్రీ పాటలు కట్టే యాప్ గారికి,

అంబాజీపేట కొబ్బరితోటల నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ సర్వర్లు చల్లగా ఉన్నాయని తలుస్తాను.

ఈమధ్య మా మండలంలో మీరు లేని శుభకార్యం లేదు. ఓణీల ఫంక్షన్‌కు మీరే, ప్రభల తీర్థానికి మీరే. సర్పంచి పదవికి తలపడిన ఇద్దరికీ ఒకే పూటలో, దాదాపు ఒకే వరసలో పాటలు కట్టి పెట్టారు. రెండింట్లోనూ గోదావరి గలగలా పారింది. వరద రోజుల్లో లంకల నుంచి మంచాలూ మేకలూ పడవ ఎక్కించేవాళ్లకు ఆ గలగల వినిపించదని మీకెవరూ చెప్పినట్టు లేదు. పోనీ, మా కవులకు మాత్రం ఎవరు చెప్పారు? మీరు నేర్చుకున్నది వాళ్ల దగ్గరే కదా.

కృత్రిమ మేధ అని బిరుదు తగిలించుకున్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏం చేస్తే మేధ? స్వరాలు పేర్చడమా? ఆ పని 1957 నాటికే మీ తాతగారు ఇలియాక్ కంప్యూటర్ చేశారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో హిల్లర్, ఐజాక్సన్ అనే ఇద్దరు దాని చేత స్వరాలకు గుర్తుగా అంకెలు తోచినట్టు వేయించి, నియమానికి ఒదగనివి ఏరి పారేయించి, నాలుగు తీగవాద్యాలకు రచన రాబట్టారు. తాతగారు బిరుదేమీ అడగలేదు.

లెక్కలంటారా, అవి మాకూ వచ్చు. మూలరాగాలైన మేళకర్తలు 72, స్వరాల వరస మెలికలు తిరిగే వక్రరాగాలు కలపకుండా ఒక్కోదాని నుంచి పుట్టే జన్యరాగాలు 483, వెరసి 34,776. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కనీసం ఐదు స్వరాలుండాలన్న షరతు మీద కట్టిన పట్టిక అది. మా శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో లవంగి రాగం పాడారు. పట్టికలో దానికి చోటే లేదు. ఇలాంటివీ రాగాలేనా అని పండితులు దెబ్బలాడారు. మీ పాట మీద ఇంతవరకు మా ఊళ్లో ఒక్కరూ దెబ్బలాడలేదు. బాగుందంటూ భోజనాలకు లేచారు.

అసలు సంగతికి వస్తాను. పెళ్లిలో మా డోలు ఆయనను చూశారా? కుడిచేతి వేళ్లకు తొడుగులు, ఎడమచేతిలో పుల్ల, బుగ్గన కిళ్లీ, చూపు మాత్రం పురోహితుడి మీద. ఫొటోగ్రాఫరు అడ్డొస్తే మెడ సాచి మరీ చూస్తాడు. జీలకర్ర బెల్లం ముద్ద పైకి లేచి పురోహితుడి వేలు ఆడిందా, కీర్తన ఏ చరణంలో ఉన్నా అక్కడే వదిలేసి గట్టిమేళం అందుకుంటాడు. మొన్నటి పెళ్లిలో ఆయన బదులు మిమ్మల్ని పెట్టారు. ముహూర్తం వచ్చేసరికి తమరు రెండో చరణంలో ఉన్నారు. పురోహితుడు వేలు ఆడించి ఆడించి, చివరికి మైకులోనే అరిచాడు. మీరు పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. ఎవరో వైరు పీకారు.

వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. డోలు ఆయనకు అడ్వాన్సు ఇచ్చేశాం. మీరూ తప్పక రండి. పనసపొట్టు కూర వడ్డించే షామియానాలో, ఎవరూ ఏదీ వినని చోట, మీకు ప్లగ్ పాయింటు పెట్టించాను.

ఇట్లు,
పెళ్లికూతురి తండ్రి