అంగరక్షణకు మూడు రోజులు చాలు

బాడీగార్డు ఉద్యోగానికి ప్రాథమిక శిక్షణ ఎన్నాళ్ళుండాలనే వివాదం ఇంకా తేలకపోవడం విచారకరం. ఆ వృత్తిలో తలపండినవాళ్ళు కొందరు ఆరు వారాలకు తగ్గితే కుదరదంటారు. కొందరు ఆరు నెలలంటారు. ఇంకొందరైతే ముందు సైన్యంలోనో పోలీసు శాఖలోనో పదేళ్ళు చేసి రమ్మంటారు. అందరి మాటా విని, ఎవరి పక్షమూ వహించకుండా ఆలోచించి, నేనొక నిర్ణయానికి వచ్చాను. మూడు రోజులు చాలు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి సెలవు కూడా ఇవ్వవచ్చు.

తొందరపడి తిట్టకండి. ముందు లోకం ఏం చేస్తోందో చూడండి. క్యాలిఫోర్నియాలో బార్బర్ లైసెన్సు కావాలంటే 1000 గంటల శిక్షణ పూర్తి చెయ్యాలి. 2022కు ముందు అది 1500 గంటలుండేది. అదే రాష్ట్రంలో ప్రైవేటు సెక్యూరిటీ గార్డును చట్టం అడిగేది 40 గంటలు. అందులోనూ డ్యూటీ ఎక్కడానికి 8 గంటలైతే చాలు, మిగతా 32 గంటలూ ఆరు నెలల్లోగా విడతలుగా కానివ్వచ్చు. అంటే తల మీది జుట్టు తలకంటే 25 రెట్లు విలువైనదని అక్కడి ప్రభుత్వం లెక్కగట్టింది. ఆ లెక్క తప్పని నేననను. కటింగ్ చెడితే కస్టమర్ మర్నాడే వచ్చి గొడవ చేస్తాడు. తల పోయినవాడు ఫిర్యాదు చెయ్యడానికి రాడు.

భారత ప్రభుత్వం ఈ విషయంలో కాస్త అతికి పోయింది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద 2006లో వచ్చిన కేంద్ర నమూనా నియమాలు మామూలు గార్డుకే 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు బయట, అన్నీ కలిపి కనీసం 20 పని దినాల శిక్షణ ఉండాలన్నాయి. సిలబస్‌లో మొట్టమొదటి అంశం, నలుగురిలో మెలిగే తీరు, యూనిఫారం సరిగ్గా వేసుకోవడం. ఇది రాసిన అధికారి ఎవరోగానీ లోకం తెలిసినవాడు. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! నిప్పు ఆర్పడం, బాంబు గుర్తుపట్టడం, ప్రథమ చికిత్స అంటూ ఆ తర్వాత జాబితా సాగదీశాడు.

అసలు బాడీగార్డును పెట్టుకునేవాళ్ళకు ఏం కావాలో ఎవరూ అడగరేం? ప్రాణభయం ఉన్నవాళ్ళు కొందరే. తమని చంపేంత పని ఎవరికీ లేదన్న సంగతి బయటపడుతుందని భయపడేవాళ్ళు బోలెడు. ఈ రెండో రకం వాళ్ళే మన వృత్తికి వెన్నెముక. వాళ్ళకు కావలసింది ఆరడుగుల మనిషి, నల్ల సూటు, చీకటి పడ్డాక కూడా తియ్యని నల్ల కళ్ళద్దాలు, చెవిలో ఒక వైరు. ఆ వైరు రెండో కొస దేనికీ తగిలించి ఉండనక్కర్లేదు. కారు తలుపు తియ్యాలి. సెల్ఫీ కోసం వచ్చిన పిల్లాణ్ణి అటు నెట్టాలి. సార్ రెండో ఫోను పట్టుకోవాలి. సార్ జోకు వేసినప్పుడు అందరూ నవ్వుతుంటే తను మాత్రం నవ్వకూడదు. ఈ చివరిదానికి సాధన కావాలి, కాదనను. దానికి నా కోర్సులో ఒక పూట కేటాయించాను.

పాతకాపులు ఇక్కడే అడ్డం తగులుతారు. బాడీగార్డు చేతులెప్పుడూ ఖాళీగా ఉండాలంటారు. మరి సార్ బ్యాగు ఎవరు మోస్తారు, గొడుగు ఎవరు పడతారు? అదీకాక సార్ వంక కాదు, జనం వంక చూడాలట. జనంలో కూడా ముఖాలు కాదు, చేతులు చూడాలట. ముఖం అబద్ధం ఆడగలదుగానీ, కత్తి అయినా తుపాకీ అయినా చేతిలోకి రావలసిందేనని వాళ్ళ వాదన. వినడానికి బాగానే ఉంది. కానీ ఫొటోలో బాడీగార్డు ఎటో చూస్తుంటే ఏం బాగుంటుంది చెప్పండి?

వాళ్ళ సిలబస్‌లో పెద్ద భాగం తినేసేది ముందస్తు తనిఖీ. సార్ వెళ్ళబోయే చోటికి ముందే వెళ్ళి, లోపలికి దారులెన్ని, లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కడ, వెనక గేటు తాళం ఎవరి దగ్గర, కారు ఎటు తిప్పి నిలపాలి, దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు, ఆ దారి మూసేస్తే ఇంకో దారేది అని ఒక్కొక్కటీ రాసుకోవడం. సార్ అక్కడ లేరు, కెమెరా లేదు, చూసేవాళ్ళు లేరు. అన్నీ కుదిరితే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే ఈ మనిషి ఏం చేశాడని అడుగుతారు. ఇలాంటి పనికి రోజుల తరబడి శిక్షణ దేనికి?

ఇక ఖర్చు సంగతి చూద్దాం. అమెరికా సీక్రెట్ సర్వీస్ ఒక్కో ఏజెంటుకు రెండు విడతలుగా దాదాపు ఏడు నెలలు శిక్షణ ఇస్తుంది. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఆరు తూటాలూ పేలడానికి పట్టింది 1.7 సెకన్లు. ఏడు నెలల చదువు రెండు సెకన్ల వాడకానికా? ఏ లెక్కల మాస్టారు ఒప్పుకుంటాడు? ఆ రెండు సెకన్లలో టిమ్ మెకార్తీ అనే ఏజెంటు చేతులు చాపి తుపాకీకి ఎదురు నిలబడి పొట్టలో తూటా తిన్నాడు. తుపాకీ పేలితే కిందికి వంగడం మనిషి ఒంట్లో పుట్టుకతో ఉన్న తెలివి. దాన్ని వదిలించడానికే అన్ని నెలలు పట్టిందన్నమాట. జెర్రీ పార్ అనే ఇంకో ఏజెంటు రీగన్‌ను కారులోకి తోసి, మొదట శ్వేతసౌధానికే పొమ్మన్నాడు. దారిలో అధ్యక్షుడి నోటి నుంచి నురగతో నెత్తురు రావడం చూసి, ఊపిరితిత్తికి దెబ్బ తగిలిందని గ్రహించి, కారును ఆసుపత్రికి తిప్పించాడు. రీగన్ బతికాడు. చూశారా, తుపాకీ ఊసే లేదు. మొత్తం ఘనతంతా ఆ పనికిరాని ప్రథమ చికిత్స పాఠం కొట్టేసింది.

శిక్షణతో పనేముంది, గుండె ధైర్యం ఉంటే చాలుననేవాళ్ళకు నేను సారయేవోను చూపిస్తుంటాను. 1914 జూన్ 28న ఉదయం ఆ ఊళ్ళో ఆస్ట్రియా సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కారు మీద ఒకడు బాంబు విసిరాడు. అది గురి తప్పింది. దాంతో కౌంట్ హారాచ్ అనే పెద్దమనిషి తన ఒంటినే కవచం చేస్తానని కారు పక్క మెట్టు మీద నిలబడ్డాడు. అపారమైన ధైర్యం. నిలబడింది ఎడమవైపు, తూటాలు వచ్చింది కుడివైపు నుంచి. దారి మార్చుకున్నామని డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు కాబట్టి అతను పాత దారిలోకే మళ్ళాడు. తప్పు దారని అరిస్తే కారు ఆపాడు. ఆగింది సరిగ్గా హంతకుడి ముందు. నెలల తరబడి చదివినవాడైనా ఏదో ఒక పక్కనే కదా నిలబడాలి. హారాచ్‌కు సగానికి సగం అవకాశం ఉచితంగానే దొరికింది. డ్రైవరుకు ఒక్క ముక్క చెప్పి ఉంటే అదీ అక్కర్లేకపోయేదనుకోండి. కానీ డ్రైవర్లతో మాట్లాడటం నా కోర్సులో లేదు.

ఒక్క చోట మాత్రం నాకు వెటకారం నోటికి రావడం లేదు. 2022 జులై 8న నారాలో జపాన్ మాజీ ప్రధాని షింజో అబేకు మొదటి కాల్పు తగల్లేదు. రెండోది వచ్చేలోపు సుమారు రెండున్నర సెకన్లు ఉన్నాయి. ఆయన వీపు వెనక కాపలా లోపించిందని తర్వాత జపాన్ పోలీసుల సొంత సమీక్షే తేల్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చదువు లేనివాళ్ళేం కాదు. ఆ పూట వెనక్కి చూసే పని ఎవరికీ ఖచ్చితంగా అప్పగించలేదు, అంతే. దీన్ని ఏ పక్షం వాదనలో ఇరికించాలో తెలియక ఇక్కడ పెట్టి ముందుకు పోతున్నాను.

సుదీర్ఘ శిక్షణ వల్ల వచ్చే ప్రమాదానికి రోము చరిత్రే సాక్ష్యం. చక్రవర్తుల కాపలాకు ఉన్న ప్రిటోరియన్ దళం కంటే గట్టి అంగరక్షకులు ఆ కాలంలో లేరు. ఆ దళంలోని అధికారులే క్రీ.శ. 41లో కాలిగులాను పొడిచారు. 193లో పెర్టినాక్స్‌ను చంపి, ఊరుకోక, సింహాసనాన్ని వేలం వేశారు. డిడియస్ జూలియానస్ పాట పాడి గెలిచాడు. రెండు నెలలు దాటాయో లేదో అతని తలా పోయింది. కంచే చేను మేసిందని మనం అంటుంటాం. అక్కడ కంచె చేను మేసి, ఆ చేనునే అమ్మకానికి పెట్టింది. మూడు రోజులు చదివినవాడికి ఇంత వ్యాపార దక్షత వస్తుందా?

ఇప్పుడు నడుస్తున్న పొట్టి కోర్సులు నా బాటలోనే ఉన్నందుకు సంతోషం. బ్రోచర్ మీద పరుగెత్తే కారు కిటికీలోంచి తుపాకీ పేలుస్తున్న మనిషి ఉంటాడు. కట్లు కట్టే పెట్టె ఉండదు. ఇంత డబ్బూ ఇంత వయసూ ఉన్నవాళ్ళకు తూటా తగలడం కంటే గుండె ఆగడం, కారు బోల్తా పడటమే ఎక్కువ జరుగుతాయని తెలిసినవాళ్ళు చెబుతారు. చెప్పనివ్వండి. ఛాతీ మీద నొక్కడం నేర్చుకుంటానని ఫీజు కట్టేవాడెవడు? సార్లకు లేని దురద మనకెందుకు?

నా కోర్సు ఇలా ఉంటుంది. మొదటి రోజు నడక, నిలబడటం, సూటు. రెండో రోజు ఉదయం తలుపు తియ్యడం, మధ్యాహ్నం నవ్వకపోవడం, సాయంత్రం సర్టిఫికెట్ల పంపిణీ. మూడో రోజు ఉదయం పరీక్ష. సర్టిఫికెట్ ముందే ఇచ్చేస్తే టెన్షన్ లేకుండా రాస్తారు.

పరీక్షలో ఒకటే ప్రశ్న. రోజూ వెళ్ళే దారిలోనే, రోజూ వెళ్ళే వేళకే, ఎవరికీ చెప్పకుండా వెళ్దాం పదమని సార్ అన్నారు. నీ జవాబేమిటి? "సరే సార్" అన్నవాడు పాసు. "ఇవాళ వేరే దారిలో వెళ్దాం సార్, ఒక పది నిమిషాలు ఆగండి, ముందు నేను చూసి వస్తాను" అన్నవాడు ఎక్కడో గంటల తరబడి దొంగతనంగా చదివి వచ్చాడని అర్థం. అతన్ని ఫెయిల్ చేసి, మళ్ళీ ఏ బ్యాచ్‌లోనూ చేరకుండా ఫొటో నోటీసు బోర్డు మీద అంటిస్తాం.