నీళ్ల మీద కప్ప, పంచె మీద గాలం

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఎండాకాలంలో పనులకి కొదవుండదు. వారాంతాల్లో క్రికెట్ లీగులు, ఇండియా నుంచి దిగిన అమ్మానాన్నల్ని గుళ్లకి తిప్పడం, పెరట్లో ఆనప పాదుకి పందిరి వేయడం. మా బావకి ఇవేవీ ఎక్కవు. ఆయనది బాస్ చేపల పిచ్చి. అందులోనూ నీళ్ల మీద తేలే బొమ్మ ఎరతో పడితేనే పట్టినట్టు. అడుగున రబ్బరు వానపాముని ఈడ్చి పట్టేవాళ్లంటే ఆయనకి చిన్నచూపు.

ఆ పిచ్చిని తప్పు పట్టను. నున్నగా ఉన్న నీళ్లు ఒక్కసారిగా పగిలి, ఎర మీద చేప విరుచుకుపడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. చిక్కల్లా వేళతోనే. వేసవిలో బాస్ చీకటి విడీవిడకుండా ఉన్నప్పుడు ఒడ్డుకి దగ్గరగా వచ్చి, షాడ్ అనే చిన్న చేపల్ని తరుముకుంటూ తింటుంది. ఎండ ఎక్కితే లోతుకి దిగిపోతుంది. అంచేత శనివారం అలారం నాలుగింటికి. నన్ను అక్క తోడు పంపుతుంది. వల పట్టుకుని నిలబడటం నా డ్యూటీ. ఆ వల కొన్నప్పటి నుంచీ తడిసిన పాపాన పోలేదు.

ఇక ఎర కొనడమంటారా, కూతురి పెళ్లికి పట్టుచీర ఎంచడం దీనికన్నా తొందరగా తెములుతుంది. పాపర్ అని ఒకటుంది, దాని మూతి లోపలికి గుంటపడి ఉంటుంది, చిన్నగా గుంజి వదిలితే బుడుంగుమంటుంది. స్పూక్ ఇంకో రకం. దారం కాస్త వదులుగా ఉంచి గాలం కర్ర కొసని టకటకా ఆడిస్తే కుడికీ ఎడమకీ ఊగుతూ వయ్యారంగా వస్తుంది. బజ్‌బెయిట్‌కి తిరిగే రెక్క ఉంటుంది, దారం చుట్టడం ఆపామా మునిగిపోతుంది. నీళ్లు కదలకుండా ఉంటే చిన్న పాపర్, గాలికి అలలు లేస్తే గోల చేసే బజ్‌బెయిట్. మసక వెలుతురులో నలుపు రంగు వేయాలి, ఎందుకంటే కింద నుంచి పైకి చూసే చేపకి కనబడేది ఆకారమే గానీ రంగు కాదు. ఇదంతా బావకి కంఠతా వచ్చు. వచ్చి ఏం లాభం? నల్లది ఒక్కటి కొనడానికి వెళ్లిన మనిషి, మబ్బు రోజుకి ఒకటి, ఎండ రోజుకి ఒకటి, "కళ్లు చూడరా, ఎంత సహజంగా వేశాడో" అని ఇంకొకటి వేసుకుని బిల్లు కౌంటరు దగ్గర తేలతాడు.

ఆ చేత్తోనే దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన దారం, ఫ్లోరోకార్బన్, చుట్టించాడు. అది మునిగే రకం. తేలే ఎరకి మునిగే దారం కడితే పాపం పాపర్ ముక్కు కిందికేసి ఏడుస్తుంది. మామూలు నైలాన్ దారమైతే ఆ బాధ ఉండదు, పైగా చవక అన్నాను. చవక అన్న మాట చెవిన పడ్డాక బావ ఇక నా మాట వినలేదు.

ఈ వేసవిలో బావ వాళ్ల నాన్నగారు కైకలూరు నుంచి వచ్చారు. కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి. బావ ఎరల పెట్టె తెరిచి ముందు పెడితే మావయ్యగారు ఒక్కోదాన్నీ తిప్పితిప్పి చూసి, మూలనున్న రబ్బరు కప్పని బయటికి తీశారు. లోపల బోలు. రెండు ముళ్లూ వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి గడ్డిలో తగులుకోవు. చేప కరిచినప్పుడు ఒళ్లు నొక్కుకుపోతే అప్పుడు బయటపడతాయి.

"కొర్రమీనుకి మేం కట్టేది కప్పనే కదరా. కాకపోతే ప్రాణమున్నది" అన్నారు.

బావ నొచ్చుకుని ఎరల చరిత్ర ఎత్తుకున్నాడు. మిషిగన్‌లో జేమ్స్ హెడన్ అని తేనెటీగలు పెంచే ఆయన ఉండేవాడనీ, చెరువు గట్టున కూర్చుని చెక్కుతున్న కర్రముక్కని నీళ్లలోకి విసిరితే ఓ బాస్ వచ్చి దాన్ని కొట్టిందనీ, ఆ కంపెనీ అలా పుట్టిందనీ చెబుతారు. ఇప్పటి స్పూక్ ఆ కంపెనీ సరుకే. మావయ్యగారు శ్రద్ధగా విని, "కర్రముక్కకే పడిందా? మరి ఇన్ని డాలర్లు దేనికి తగలేశావు?" అన్నారు. బావ పెట్టె మూసేశాడు.

స్టేట్ పార్కుకి వెళ్లే దారంతా బావ 1992లో లేక్ ఫోర్క్‌లో పడిన 18.18 పౌండ్ల చేప గురించే చెప్పాడు. టెక్సస్ రికార్డు అదే. ఈ పూట అది బద్దలవుతుందన్న ధోరణిలో ఉన్నాడు. మావయ్యగారు తెల్ల పంచె, భుజాన కండువాతో మడత కుర్చీలో కూర్చుని, కప్పని ఆ తామరాకుల మధ్యకి వేసిపెట్టమన్నారు. వేసి కర్ర చేతికిచ్చాను. ఆయన దాన్ని కదపనే లేదు. "కూర్చోనీ, కప్ప అన్నాక కూర్చుంటుంది" అన్నారు.

బావ విసిరిన మొదటి పాపర్ తుమ్మ కొమ్మకి వేలాడింది. దాన్ని అక్కడే వదిలేసి స్పూక్ కట్టిన కర్ర తీశాడు. ఈసారి బాగానే పడింది. నాలుగు ఊపులు ఊపాడో లేదో, భళ్లున నీళ్లు లేచాయి.

ఇక్కడొక ధర్మం ఉంది. నీళ్లు లేచినప్పుడు కాదు, చేప బరువు చేతికి తెలిసినప్పుడు లాగాలి. చప్పుడుకే గుంజితే ఎర చేప నోట్లోంచి ఊడి, గుంజినవాడి మీదికే వస్తుంది. బావ చప్పుడుకే గుంజాడు. స్పూక్ గాల్లోకి లేచి, ఆయన చెవి పక్కనుంచి దూసుకొచ్చి మావయ్యగారి పంచె కుచ్చిళ్లలో దిగబడింది. దేవుడి దయ, ఒంటికి తగల్లేదు.

"కదలకు నాన్నా" అంటూ బావ వంగి ఊడదీయబోయాడు. స్పూక్‌కి ముందొకటి, వెనకొకటి గాలాలుంటాయి, ఒక్కోదానికి మూడేసి ముళ్లు. ఒకటి పంచెలో ఉండగా రెండోది బావ నిక్కరుని పట్టేసింది. పెద్దాయన పక్కకి జరిగితే కొడుకు జరగాలి, కొడుకు లేస్తే పంచె లేస్తుంది. తండ్రీకొడుకులకి మూడుముళ్లు పడ్డాయి. వల పక్కన పెట్టి వెళ్లాను గానీ నవ్వు ఆపుకోవడానికే రెండు చేతులూ చాల్లేదు.

సరిగ్గా అప్పుడే తామరాకుల్లో కప్ప మాయమైంది.

"గుంజు నాన్నా, గుంజు!" అని బావ అరిచాడు.

"నోర్మూసుకో. మింగనీ" అన్నారు మావయ్యగారు. లోలోపల ఏదో లెక్కపెట్టుకుని అప్పుడు లేచి ఒక్క గుంజు గుంజారు. కర్ర వంగింది. ఆయనతో పాటు లేచిన బావ, నిక్కరు చిరగకుండా ఆయన వెనకే అడుగులు వేస్తూ ఒక చేత్తో ఫోటో తీసి అక్కకి పంపాడు కూడా.

చేప ఒడ్డుకొచ్చింది, వల తడిసింది, వెనకనుంచి "గుడ్ మార్నింగ్" వినబడింది. గేమ్ వార్డెన్, అంటే వేట, చేపల రూల్సు చూసే అధికారి. నడుముకి తుపాకీ.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన దగ్గర చేపలు పట్టడానికి ఉప్పునీళ్లకీ మంచినీళ్లకీ కలిపి చెల్లే లైసెన్సు ఉంది. నాన్నగారికి ఉన్నది విజిటర్ వీసా. "నాన్నా, కర్ర కింద పెట్టు, పోలీసు" అని పళ్ల మధ్యనుంచి అన్నాడు.

"చేపతో పెట్టమంటావా, విప్పి పెట్టమంటావా?"

వార్డెన్ ఒకదానికొకటి కుట్టుకుపోయిన ఆ ఇద్దర్నీ చాలాసేపు చూశాడు. చివరికి, స్టేట్ పార్కు లోపల ఒడ్డున నిలబడి పట్టేవాళ్లకి లైసెన్సు అక్కర్లేదని చెప్పి, జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి ముళ్లు పుటుక్కున కత్తిరించాడు. తండ్రీకొడుకులు వేరుపడ్డారు. స్పూక్ ధర నాకు తెలుసు కాబట్టి బావ వైపు చూడలేదు.

తర్వాత వార్డెన్ కొలబద్ద తీశాడు. బాస్ కనీసం 14 అంగుళాలుంటేనే ఇంటికి తీసుకెళ్లాలి. పలకమీద పడుకోబెట్టి, మూతి ఆనించి, తోక దగ్గరికి నొక్కి చూస్తే పావు అంగుళం తక్కువ.

"ఇంకాస్త గట్టిగా నొక్కమను" అన్నారు మావయ్యగారు.

నొక్కాడు. అంతే ఉంది. చేప నీళ్లలోకి వెళ్లిపోయింది. పట్టిన చేపని వదిలేసే దేశానికి కొడుకుని ఎందుకు పంపానా అన్నట్టు మావయ్యగారు కాసేపు నీళ్లకేసి చూసి, "ఆ అబ్బాయిని ఓసారి కైకలూరు రమ్మను, కొలవకుండా పెడతాం" అన్నారు. చెప్పాను. వార్డెన్ టోపీ తీసి నవ్వాడు.

ఫోను మోగింది. అక్క. "ఫోటో చూశాను. చింతపండు నానబెట్టాను, మసాలా నూరేశాను. ఎంతసేపట్లో వస్తున్నారు?"

బావ ఫోను నా చేతిలో పెట్టి, కొమ్మకి వేలాడుతున్న పాపర్ తీసుకొస్తానంటూ తుమ్మ చెట్టు వైపు నడిచాడు.