జనవరిలో బెండకాయ కోసం వెతకడం మానేద్దాం

మూడేళ్ల క్రితం జనవరిలో మా అమ్మ మా దగ్గర ఉంది. ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్తే బెండకాయల దగ్గర ఆగి, గుంటూరు బజార్లో చేసినట్టే ఒక కాయ మొన విరిచి చూసింది. విరగలేదు, తోలులా వంగింది. ఇంకోటి చూసింది, అదీ అంతే. "ఈ చలిలో బెండకాయేంటమ్మా? ఇప్పుడు ఇక్కడ ఏం దొరుకుతుందో అది తినండి" అంది. అప్పటికి మిషిగన్ వచ్చి పద్నాలుగేళ్లయినా, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

మన ఊళ్లలో ఎవరూ "సీజనల్ ఫుడ్" అనలేదు గానీ తిన్నది అదే. ధనుర్మాసం వచ్చేసరికి పందిరి నిండా చిక్కుడుకాయలు. చిత్తూరు వైపు అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి చేసే పితికిపప్పు. సంక్రాంతికి గుమ్మడికాయ దప్పళం. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం. శివరాత్రికి తెలంగాణలో కందగడ్డ, మా వైపు అదే చిలగడదుంప. చేలో ఏది ఉంటే దానితోనే పండగ వంట. మనం మాత్రం సముద్రాలు దాటాక ఆ పద్ధతి వదిలేసి, ఆ కాయల పేర్లు పట్టుకుని కూర్చున్నాం. జనవరిలో మనకు దొరికే బెండ, దొండ, కాకర చాలావరకు మెక్సికో, హోండురస్ లాంటి చోట్ల కోసినవి. రోజుల తరబడి ప్రయాణం చేసి, వాడిపోయి, ఎక్కువ ధరకు మన బుట్టలో పడతాయి.

డెట్రాయిట్ ఈస్టర్న్ మార్కెట్ శనివారాల్లో ఏడాది పొడవునా ఉంటుంది. ఒక్కసారి చలికాలంలో వెళ్లి చూడండి. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, టర్నిప్, గుమ్మడి లాంటి బటర్‌నట్ స్క్వాష్. ఇవి కోసిన తర్వాత చల్లటి చోట నెలల తరబడి నిలవుండే రకాలు. పైన ప్లాస్టిక్ కప్పిన హూప్‌హౌస్‌లలో కొందరు రైతులు చలిలోనూ కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), పాలకూర పెంచుతారు. ఆకుకూరలు నిలవున్న కొద్దీ విటమిన్ సి, ఫోలేట్ కోల్పోతాయి కాబట్టి దగ్గర్లో కోసిన ఆకుకు విలువ ఎక్కువ. పైగా మంచు తగిలిన కేల్, క్యారెట్ తియ్యగా ఉంటాయి. గడ్డకట్టకుండా తమను కాపాడుకోవడానికి ఆ మొక్కలు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చుకుంటాయి. కేల్ చేదని పక్కన పెట్టినవాళ్లు మంచు పడ్డాక కోసిన కేల్ ఒకసారి తిని చూడాలి.

వీటికి మన వంట ఎంత బాగా సరిపోతుందో చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. ఇక్కడివాళ్లు కేల్‌ని పచ్చిగా సలాడ్‌లో తింటారు. మనం దాన్ని సన్నగా తరిగి కందిపప్పులో వేస్తే తోటకూర పప్పులాగే ఉంటుంది, కాకపోతే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాలి. ఉడికిన నీళ్లు పారబోయం కాబట్టి నీళ్లలోకి దిగిన పోషకాలు పప్పులోనే ఉంటాయి. ఆకుకూరల్లో, క్యారెట్‌లో, గుమ్మడిలో ఉండే బీటా కెరొటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి. మన తాలింపు ఆ పని చేస్తుంది. దించాక నిమ్మకాయ పిండితే, ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. ఇంకో మాట, పాలకూరలో కాల్షియం ఉన్నా అందులోని ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టి ఉంచుతుంది, మనకు అందేది తక్కువ. కేల్‌లో ఆక్సలేట్ తక్కువ కాబట్టి కాల్షియం బాగా అందుతుంది. పాలు పడని పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి.

కేల్ లాంటిదే ఇంకో వెడల్పాటి ఆకుకూర, కాలర్డ్ ఆకులు కూడా అంతే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, అక్కడినుంచి డెట్రాయిట్ వచ్చి స్థిరపడ్డ నల్లజాతి కుటుంబాల్లో జనవరి 1న బొబ్బర్లు, కాలర్డ్ ఆకులు వండుకోవడం ఆనవాయితీ. బొబ్బర్లు మన గారెల్లోవే. మన పక్కింట్లో ఇంత దగ్గరి వంట ఉందని చాలా ఏళ్లు గమనించలేదని నాకు బాధగా ఉంటుంది.

ఇక ఆరోగ్యం పేరుతో వాట్సాప్‌లో తిరిగేవన్నీ నేను చెప్పను. ముల్లంగి తింటే జలుబు రాదనడానికి ఆధారం లేదు. కానీ మన దక్షిణాసియా వాళ్లకు షుగర్, గుండెజబ్బుల ముప్పు ఎక్కువన్నది నిజం. చలికాలంలో నడక తగ్గుతుంది, అన్నం తగ్గదు. కంచంలో సగం కూర, ఆకుకూర ఉంటే పీచు పెరుగుతుంది, అన్నం దానంతటదే తగ్గుతుంది. చిలగడదుంప మాత్రం అన్నం లెక్కలోకే వస్తుంది, దానితో పాటు మళ్లీ రెండు గరిటెల అన్నం వద్దు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లు కేల్, కాలర్డ్ ఒక్కసారిగా పెంచకూడదు. వాటిలో విటమిన్ కె చాలా ఎక్కువ, డాక్టరుతో మాట్లాడి రోజూ ఒకే మోతాదులో తినాలి. విటమిన్ డి కూరగాయలతో రాదు, ఈ చలిదేశంలో దాని సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

ఫ్రోజెన్ బఠానీ, ఫ్రోజెన్ చిక్కుడు మానమని నేను అనను. కోయగానే గడ్డకట్టించినవి వారం రోజులుగా వాడిపోయి ఉన్న "ఫ్రెష్" కాయకన్నా చాలాసార్లు మేలు.

ఇక్కడి మన తెలుగు సంఘానికి నాదొక విన్నపం. ఏటా సంక్రాంతి విందులో బెండకాయ వేపుడు, దొండకాయ కూర, గుత్తివంకాయ తప్పనిసరి అయిపోయాయి. ఈసారి మెనూ మారుద్దాం. బటర్‌నట్ దప్పళం, క్యాబేజీ పెసరపప్పు కూర, కాలర్డ్ పప్పు, ముల్లంగి సాంబారు, బీట్‌రూట్ కొబ్బరి వేపుడు. కేటరర్ ఒప్పుకోకపోతే పది ఇళ్లు పంచుకుని వండుదాం, దప్పళం నేను తెస్తాను. బటర్‌నట్‌కి తెలుగులో పేరు లేకపోయినా మన గుమ్మడికి అది దగ్గరి చుట్టమే. పిల్లలు దాన్ని తమ స్కూల్ క్యాంటీన్‌లో సూప్‌గా చూసి ఉంటారు. ఇంగువ, బెల్లం, చింతపండు పడ్డాక అదే కాయ ఎలా మారుతుందో వాళ్లకు చూపిద్దాం.

మొన్న ఆదివారం బటర్‌నట్ దప్పళం వండి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. గరిటెతో కలపమంది, కలిపాను. "ముక్క చితికిపోతోంది. ఆ కాయ మెత్తనిదిలా ఉంది, చింతపండు పులుసు ముందే పోసెయ్యి, అప్పుడు ముక్క నిలబడుతుంది" అంది. పండగలోపు ఇంకోసారి అలా వండి చూస్తాను.