ఆవు ఒంగోలుది, పేరు నెల్లూరుది, మరి సారె ఎవరిది?

2025 ఫిబ్రవరిలో ఒక పొద్దున పేపర్లో, టీవీలో, ఫోన్లో యాడ చూసినా ఒకటే వార్త, బ్రెజిల్లో ఒంగోలు జాతి ఆవు 40 కోట్లు పలికిందంట. మామూలుగా మా కందుకూరు టీ అంగడి దగ్గర ఎంత పెద్ద వార్తయినా టీ చల్లారేలోపు అయిపోద్ది. ఇది మాత్రం అయిపోలా. ఎవరో "మనదేగా" అన్నారు, అంతే, ఆ మాట దగ్గర ఇరుక్కుపోయింది.

ముందు లెక్క తేలాలన్నాడు మా బాబాయి. పేపర్ అంచున పెన్నుతో వేశాడు. ఆవు పేరు వియాటినా-19, బరువు 1,101 కిలోలు, అంటే కిలో 3 లక్షల 63 వేలు. బంగారం అప్పటికే పది గ్రాములు 80 వేలు దాటుండె, కాబట్టి ఇంకా ఆవే చవక, పైగా బంగారం ఈనదు కదరా అన్నాడు. ఈ ఒక్క పాయింటుతో దేశ ఆర్థిక వ్యవస్థ తలకిందులైపోద్దని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ఇంక బ్యాంకుల్లో గోల్డ్ లోన్ కౌంటర్ పక్కనే ఒక గుంజ పాతక తప్పదు, అప్రైజర్ గారు గీటురాయి పక్కన పడేసి మూపురం నొక్కి చూసి, గంగడోలు జాన పెట్టి కొలిచి రసీదు రాస్తారు, పెళ్ళి చూపుల్లో అబ్బాయి ప్యాకేజీ ఎంత అని అడగరు, పెరట్లో పెయ్యలెన్ని అని అడుగుతారు.

నిజం చెప్పాలంటే అక్కడ అమ్మింది ఆవుని మొత్తం కూడా కాదు. 2023 జూన్‌లో అరందు అనే ఊళ్ళో వేలం పెట్టి మూడో వంతు వాటా అమ్మారు, దాదాపు 70 లక్షల బ్రెజిల్ రియాల్స్‌కి, అప్పటి రేటుకి మన డబ్బులో 12 కోట్లకి అటూ ఇటూ. దాన్ని మూడుతో గుణించి ఇదీ ఆవు ధర అన్నారు, గిన్నిస్ వాళ్ళూ ఎక్కించుకున్నారు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరే కదా అంటారేమో, వార్త సముద్రాలు దాటి మా అంగడికి చేరడానికి ఏడాదిన్నర పైనే పట్టింది, అంత దూరం నుంచి వచ్చిన సరుక్కి నాలుగు కోట్లు బాడుగ పడదా?

మూడో వంతు ఆవు అనేది మనకేం కొత్త కాదు. అన్నదమ్ములు బర్రెని పంచుకుని, ముందు భాగం వచ్చినోడు మేత వేస్తుంటే వెనక భాగం వచ్చినోడు పాలు పిండుకున్న కథ మనమంతా చిన్నప్పుడు విన్నదే. బ్రెజిల్ వాళ్ళు దాన్ని వేలంలో పెట్టారు, మనం కథ దగ్గరే ఆగిపోయాం, అదే మన వెనకబాటు. ఈ పద్ధతి ఇక్కడికి వస్తే మాత్రం రిజిస్ట్రార్ ఆఫీసులో పని పెరిగిపోద్ది. తూర్పు హద్దు కొమ్ములు, పడమర హద్దు తోక, దక్షిణం డొక్క, ఉత్తరం దాయాదుల గడ్డివామి. ఆవు ఇటు నుంచి అటు తిరిగిందంటే హద్దులన్నీ మారిపోతాయి గనక మళ్ళీ రీసర్వే, మళ్ళీ రాళ్ళు, ఆవు చుట్టూ రాళ్ళు పాతేసరికి అది ఎగిరి తన్నడం, తన్నులు తిన్న సర్వేయర్ గారు సెలవు పెట్టడం. వియాటినమ్మకి అయితే తుపాకీ పట్టుకున్న గార్డు, కెమెరాలు, చూసుకోను డాక్టరు, రోడ్డు మీద ఆమె బొమ్మతో పెద్ద పెద్ద హోర్డింగులు ఉన్నాయంట. మా వీధిలో ఏటీఎంకే గార్డు లేడు.

అక్కడ ఆ జాతిని పాలకి కాదు, ఎక్కువగా మాంసానికే పెంచుతారంట అని ఒక కుర్రోడు ఫోన్లో చూసి చెప్పబోయాడు. ఆ రోజు టీలన్నిటికీ డబ్బులు వాడి చేతే కట్టించాడు బాబాయి.

అసలు గొడవ పేరు దగ్గర మొదలైంది. మనం ఒంగోలు ఆవు అంటాం, బ్రెజిలోళ్ళు నెలోర్ అంటారు. నెల్లూరు నుంచి వచ్చిన మా బావ ఇంకేముంది, కాలర్ ఎగరేశాడు, చూశారా మా పేరే అని. ఒంగోలు మామ ఊరుకుంటాడా, 2002లో నేషనల్ గేమ్స్‌కి మస్కట్ ఎవరు, మా గిత్త కాదా, దాని పేరు వీర కాదా అని లేచాడు. 1960ల్లో బ్రెజిల్ పోయిన పేరున్న గిత్తకి మా ఒంగోలు పక్కన కరవది ఊరి పేరే పెట్టారు, ఇంకేం సాక్ష్యం కావాలి అన్నాడు. బావ దగ్గర పాత జాబితా ఉంది. 1868లో మన పశువులు బ్రెజిల్ రేవులో దిగినప్పుడు ఒంగోలు ఉన్నది నెల్లూరు జిల్లాలోనే, 1904లో గుంటూరు జిల్లాలోకి పోయింది, 1970లో సొంతంగా జిల్లా అయింది, 1972లో ప్రకాశం అని పేరు మార్చుకుంది, ఇన్నిసార్లు మారింది మీరు, మారనిది ఆవు అన్నాడు. ఇంక ఇద్దరూ మా వైపు తిరిగారు. మాకేం తెలుస్తది, అప్పటికి 1970లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి ఒంగోలులో కలిపారు, 2022 ఏప్రిల్‌లో ఒంగోలు నుంచి తీసి మళ్ళీ నెల్లూరులో కలిపారు, అందుకే మా ఊళ్ళో జిల్లా పేరు పెన్సిల్‌తో రాసుకుంటారు.

అప్పుడు లోపల నుంచి అంగడి పెద్దమ్మ ఒక మాట అనింది. "అది ఎవురి బిడ్డైతే ఏంది, ఆడబిడ్డ అంత దూరం పోయి అంత పేరు తెచ్చింది, ఒక్కసారన్నా పుట్టింటి సారె పంపినారా మీరు?"

అందరూ నిశ్శబ్దం. ఆవు ఖ్యాతి మాదంటే మాదని కొట్టుకున్న ఇద్దరూ టీ గ్లాసుల్లోకి చూడడం మొదలుపెట్టారు. సారె అంటే మామూలు సారె కాదు మరి, 1,101 కిలోల ఆడబిడ్డకి. చలిమిడి రెండు లారీలు, పసుపు కుంకుమ, మెడకి మువ్వలపట్టెడ, కొమ్ములకి ఇత్తడి కుప్పెలు, ఉలవలు, చిట్టు, తవుడు, పచ్చి జొన్న చొప్ప, ఓడలో పోయేసరికి ఎండు చొప్ప. పైగా దూడలకి తలా ఒక పంచె. కాసేపటికి బావ నెమ్మదిగా గొంతు సవరించుకుని, ఎంతైనా ఒంగోలు జాతి అనే కదా అంటాం, పద్ధతి ప్రకారం పుట్టిల్లు ఒంగోలే అన్నాడు. మామ, అదేం మాట అల్లుడూ, అక్కడ నెలోర్ అనే పిలుస్తున్నారు, ఇంటి పేరు మీదయ్యాక సారె మాదెట్టా అవుద్ది అన్నాడు. 1904 పోయింది, 1970 పోయింది, కరవది గిత్త యాడికి పోయిందో తెలీదు, ఇద్దరూ ఎదుటోడి సాక్ష్యాలే మెచ్చుకుంటా కూర్చున్నారు.

చివరికి మధ్యలో ఉన్న ఊరు గనక చందాలు మేమే వసూలు చేయాలని తీర్మానం అయింది. నాకు 116 రాశారు. ఈలోపు ఆలస్యానికి మన్నించమని ఒక లెటర్ అయినా పడేద్దామని బాబాయి కాగితం తీసుకున్నాడు. చిరంజీవి సౌభాగ్యవతి వియాటినాకు దీవించి వ్రాయునది, ఇక్కడ అందరం క్షేమం, నీ బంధువులు సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళ విభాగంలో తిరుగుతున్నారు, మిగతా రోజుల్లో ట్రాక్టర్లే. అంతా అయ్యాక ఫ్రమ్ అడ్రస్ దగ్గరికొచ్చాడు. కందుకూరు అని రాసి, కామా పెట్టి, పెన్ను జేబులో పెట్టేసుకుని, పెన్సిల్ ఉందేమో కనుక్కోరా అన్నాడు.