అరవై అయిదో కళ

మన పెద్దలు కళలు అరవై నాలుగని లెక్క తేల్చారు. అందులో చోరవిద్యకు కూడా పీట వేసిన ఉదారులు, బెర్లిన్‌లో అద్దెకు ఇల్లు సంపాదించడాన్ని మాత్రం వదిలేశారు. వాళ్ళ తప్పేమీ లేదు, అప్పటికి బెర్లిన్ లేదు. ఈ లోటును ఇప్పటికైనా పూడ్చి, దీన్ని అరవై అయిదో కళగా గుర్తించి, మన విశ్వవిద్యాలయాల లలితకళల శాఖల్లో కనీసం రెండు సెమిస్టర్ల కోర్సుగా పెట్టాలని సంబంధిత అధికారులకు మనవి.

అవసరం ఉంది కాబట్టే అడుగుతున్నాం. పూర్వం కళ తలకెక్కినవాడు మద్రాసు రైలెక్కేవాడు. పాండీబజారు చుట్టుపక్కల ఏదో ఒక గదిలో నలుగురితో సర్దుకునేవాడు. తర్వాత హైదరాబాదులో కృష్ణానగర్ వచ్చింది. ఇప్పుడు పెయింటింగ్, యానిమేషన్, సౌండ్ డిజైన్ అంటూ మనవాళ్ళు బెర్లిన్ దాకా వెళ్తున్నారు. అక్కడ కళాకారులు చవగ్గా బతకొచ్చని ఎవరో చెప్పి ఉంటారు. చెప్పినవాడు అబద్ధమాడలేదు, ఏ సంవత్సరం సంగతో చెప్పడం మరిచిపోయాడంతే. 2003లో అప్పటి మేయర్ క్లాస్ వోవరైట్ తమ ఊరు పేదదే కానీ సెక్సీ అన్నాడు. రెండో సగం విని కళాకారులు వచ్చారు. కళాకారులను చూసి డబ్బున్నవాళ్ళు వచ్చారు. వాళ్ళొచ్చాక ఆ మాటలో మొదటి సగం కళాకారుల వాటాకు మిగిలింది.

నమ్మకం కుదరకపోతే టాకెలెస్ భవనం సంగతి చూడండి. ఒకప్పటి డిపార్ట్‌మెంట్ స్టోరు అది. బెర్లిన్ గోడ కూలిన కొద్ది నెలలకే, 1990లో, శిథిలంగా పడి ఉన్న దాన్ని కళాకారులు ఆక్రమించి స్టూడియోలు పెట్టుకున్నారు. 2012లో వాళ్ళను ఖాళీ చేయించారు. ఇప్పుడు ఆ ఆవరణలో ఖరీదైన ఫ్లాట్లు, ఆఫీసులు, 2023 నుంచి ఓ ఫొటోగ్రఫీ మ్యూజియం. కాబట్టి కళకు అన్యాయం జరిగిందనకూడదు. కళ లోపలే ఉంది, టికెట్టు కొని చూడొచ్చు. కళాకారులే బయట ఉన్నారు.

కోర్సులో మొదటి పాఠం కాగితాల మీద. ఫ్రీలాన్స్ కళాకారుడిగా నివాస అనుమతి కావాలంటే బెర్లిన్‌లోనే ఉంటున్నట్టు రుజువు చూపాలి. రుజువంటే చిరునామా నమోదు. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు, ఇంట్లో దిగిన పద్నాలుగు రోజుల్లో చేయించుకోవాలి. అందుకు ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఓనరు సంతకం పెట్టాలంటే ముందు ఇల్లివ్వాలి. ఇల్లివ్వాలంటే నివాస అనుమతి, మూడు నెలల జీతం స్లిప్పులు, షూఫా చూపించమంటాడు. మీరు అప్పులూ బిల్లులూ సక్రమంగా కట్టే మనిషో కాదో చెప్పే ప్రైవేటు సంస్థ షూఫా. నిన్న విమానం దిగినవాడి గురించి దానికేం తెలుస్తుంది? బ్యాంకు ఖాతా తెరిచి పేరు తెచ్చుకుందామంటే బ్యాంకువాళ్ళు చిరునామా అడుగుతారు. ఈ దశకు వచ్చేసరికి చాలామంది కుర్రాళ్ళకు ఆధ్యాత్మిక దృష్టి అలవడుతుంది.

రెండో పాఠం కథారచన. ఓనరుకు తన గురించి ఉత్తరం రాసుకోవాలి. మృదంగం వాయించేవాడు సాయంత్రాలు పుస్తకాలు చదువుకుంటానని రాస్తాడు. తోలుబొమ్మలాడించేవాడు మీడియా కన్సల్టెంట్ అవుతాడు. జర్మనీలో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా, ఆదివారమైతే రోజంతా నిశ్శబ్దం పాటించాలి కనుక ఈ అబద్ధాలు అబద్ధాలు కావు, ముందుచూపు. అయితే ఈ ప్రక్రియలో అసలు ప్రతిభ అవతలి పక్షానిదే. ఫ్లాటు సిటీ నడిబొడ్డున ఉంటుంది, అద్దె సగమే ఉంటుంది, ఓనరు మాత్రం పని మీద లండన్ వెళ్ళి ఉంటాడు. డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్ చేస్తాడట. పాత్రచిత్రణ, ఉత్కంఠ, హఠాత్ ముగింపు అన్నీ ఉన్న ఈ సాహిత్యాన్ని విమర్శకులు ఇంకా పట్టించుకోకపోవడం శోచనీయం.

ఇక ప్రాక్టికల్స్. ఒక్క ఫ్లాటు చూడటానికి నాలుగో అంతస్తు నుంచి వీధి గుమ్మం దాకా మెట్ల మీద వరుస. ప్రతివాడి చంకలో ప్లాస్టిక్ ఫైలు. మన కుర్రాడి ముందు డెంటిస్టుల జంట నిలబడి ఉంటుంది. వాళ్ళ ఫైలు మందం చూడగానే ఇతనికి టెన్షన్ మొదలవుతుంది. వంతు వచ్చి లోపలికెళ్తే, తెల్లటి గోడలు, పాత చెక్క నేల, ఎత్తైన కిటికీలు. వంటగదిలో మాత్రం గోడలోంచి బయటికొచ్చిన రెండు పైపులు, ఓ ప్లగ్గు, స్టవ్ ఉండిన చోట నలుచదరపు మరక. వంటిల్లేదని అడిగితే, పాతవాళ్ళు పట్టుకెళ్ళారంటాడు ఏజెంటు, గొడుగు పట్టుకెళ్ళారన్నంత మామూలుగా. అక్కడది ఆనవాయితీ. ఖాళీ చేసేవాడు గోడకు కొట్టిన మేకులు కూడా పీక్కుపోయాడని మనవాళ్ళు ఊరికే ఆడిపోసుకుంటారు.

షేరింగ్ గది తేలికనుకుంటే అదింకా లోతైన విద్య. కృష్ణానగర్ ఓనరు గుమ్మంలోనే నిలబెట్టి, ఏవిట్లు, బ్యాచిలరా, సినిమావాళ్ళా అని మూడు ముక్కల్లో తేల్చేస్తాడు. బెర్లిన్‌లో అలాంటి మోటుతనం లేదు. నలుగురు రూమ్మేట్లు బల్ల చుట్టూ కూర్చుని, హెర్బల్ టీ ఇచ్చి, మీ ఇంట్లో గొడవలొస్తే ఎలా పరిష్కరించుకుంటారని ఆప్యాయంగా అడుగుతారు. మన కుర్రాడు ఉన్నదున్నట్టు చెబుతాడు: మాట్లాడుకోవడం మానేస్తాం. గది ఇంకొకరికి వెళ్తుంది.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందని ఎవరూ అనలేరు. 2020లో అద్దెలకు కళ్ళెం వేస్తూ బెర్లిన్ చట్టం చేసింది. అలాంటి చట్టం చేసే అధికారం నగరానికి లేదని రాజ్యాంగ న్యాయస్థానం 2021 ఏప్రిల్లో కొట్టేసింది. ఆ సెప్టెంబరులో, మూడు వేలకు పైగా ఇళ్ళున్న కంపెనీల నుంచి ఇళ్ళు స్వాధీనం చేసుకోవాలని జనం ఓటేసి మరీ చెప్పారు. ఆ పని సాధ్యమో కాదో చూడమని ఓ నిపుణుల కమిషన్ వేశారు. సాధ్యమేనని కమిషన్ 2023లో చెప్పింది. కమిషన్ల విషయంలో మనమొక్కళ్ళమే ప్రత్యేకం కాదని తెలిసి ఈ వ్యాసకర్తకు కాస్త ఊరట కలిగింది.

ఈ కోర్సు విజయవంతంగా పూర్తిచేసిన ఓ తెనాలి కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఒక కవయిత్రి తన ఫ్లాటు ఆర్నెల్లకు ఇస్తానంది. ఇండియా వెళ్ళి ప్రశాంతంగా రాసుకోవాలట. ఎక్కడైనా నిశ్శబ్దమైన ఇల్లుంటే చెప్పమంది. ఇతను ఇంటికి ఫోన్ చేశాడు.

"అమ్మా, మన పైవాటా ఖాళీయేగా?"

"టూలెట్ బోర్డు పెట్టి ఆర్నెల్లయిందిరా. నువ్వు బొమ్మలేమన్నా వేస్తున్నావా?"

"ఇంట్లో దిగాక వేస్తానమ్మా. ఇక్కడో అమ్మాయికి ఆ వాటా కావాలిట. విదేశీయులకిస్తే ఇరవై నాలుగ్గంటల్లో ఆన్‌లైన్‌లో ఓ ఫారం నింపాలి."

"కాగితాలదేముందిరా, మీ మావయ్య చూసుకుంటాడు. నాన్‌వెజ్ వండదు కదా?"