ప్రాణం నిలబెట్టింది సూది, పేరు కొట్టేసింది కలం

మన లీడర్‌షిప్ క్లాసుల్లో అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ కథ చెప్పడం ఇక ఆపాలి. ఆపడం కుదరదంటే కనీసం ఆ వడ్రంగి పేరైనా చెప్పాలి.

కథ అందరికీ తెలిసిందే. 1915లో అతని ఓడ ఎండ్యూరెన్స్ అంటార్కిటికా పక్కన వెడెల్ సముద్రపు మంచులో చిక్కి, నలిగి, మునిగిపోయింది. మనుషులు నెలల తరబడి మంచుపలకల మీద బతికారు. మూడు పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. అక్కడినుంచి ఆరుగురు ఒకే పడవలో 1300 కిలోమీటర్లకు పైగా వెళ్ళి సాయం తెచ్చారు. 28 మందీ బతికారు. ఐటీ కంపెనీల శిక్షణ గదుల్లో, వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో దీన్నంతా ఒక్క మనిషి సంకల్పబలం ఖాతాలో వేస్తారు. ప్రమాదకరమైన ప్రయాణానికి మనుషులు కావాలంటూ, జీతం తక్కువ, చలి ఎక్కువ అంటూ ఆయన పత్రికలో ఇచ్చాడని చెప్పే ప్రకటనను తెర మీద చూపిస్తారు. ఆ ప్రకటన అచ్చయిన పత్రిక ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

ఆ ఆరుగురు వెళ్ళిన పడవ పొడవు ఏడు మీటర్లు కూడా లేదు. భూమ్మీద అత్యంత భీకరమైన సముద్రానికి దాన్ని సిద్ధం చేసింది హ్యారీ మెక్‌నిష్ అనే వడ్రంగి. అంచులు ఎత్తు పెంచాడు. స్లెడ్జి బద్దలు, పెట్టెల మూతలు పరిచి పైన గుడ్డ బిగించి కప్పు వేశాడు. సందుల్లో దీపపు వత్తులు కూరి, చిత్రకారుడి రంగులూ సీల్ రక్తమూ పూశాడు. సౌత్ జార్జియాలో దిగాక ముగ్గురు మంచుకొండలు దాటడానికి వెళ్తుంటే, పడవలోంచి ఊడదీసిన మరలు వాళ్ళ బూట్ల అడుగున దిగ్గొట్టారు. కాళ్ళు జారకుండా పట్టు ఇచ్చినవి ఆ మరలే. ఈ మెక్‌నిష్ అంతకుముందు మంచు మీద ఒకరోజు ఎదురు తిరిగాడు. ఓడే పోయాక ఓడ ఒప్పందం ఎక్కడిది అని అడిగాడు. ఆ తప్పుకు షాకిల్టన్ అతని పేరును ధ్రువయాత్రికులకు ఇచ్చే బ్రిటిష్ పతకం పోలార్ మెడల్‌కు సిఫారసు చేయలేదు. మెక్‌నిష్ చివరి రోజులు న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో ఒక నిరుపేదల ఆశ్రమంలో గడిపి 1930లో చనిపోయాడు. సమాధి మీద పేరున్న రాయి పెట్టడానికి 1959 దాకా పట్టింది.

28 మందీ బతికారనే లెక్కలో కూడా కోత ఉంది. అదే యాత్ర కోసం అవతలి తీరాన, రాస్ సముద్రం వైపు, ఆహార నిల్వలు పెట్టడానికి వెళ్ళిన బృందంలో ముగ్గురు చనిపోయారు. వాళ్ళు పెట్టిన నిల్వల దాకా షాకిల్టన్ రానే లేదు. ఆ ముగ్గురి సంగతి స్లైడ్లలోకి ఎక్కదు.

అయినా నన్ను ఈ వ్యాసం రాయించింది అంటార్కిటికా కాదు. సైబీరియాకు ఉత్తరాన ఉన్న రాంగెల్ దీవి. అక్కడ రెండుసార్లు మనుషులు చిక్కుకుపోయారు. రెండుసార్లూ వాళ్ళను పంపిన మనిషి ఒకడే. రెండుసార్లూ ప్రాణం నిలబెట్టిన పని ఆడవాళ్ళ చేతిలో ఉంది.

విల్యాల్మర్ స్టెఫాన్సన్ 1913లో కెనడా ప్రభుత్వ యాత్రకు నాయకుడు. అతని ఓడ కార్లక్ అలాస్కాకు ఉత్తరాన మంచులో ఇరుక్కుంది. సెప్టెంబరులో అతను కొందరిని వెంటబెట్టుకుని, వేటకు వెళ్ళి కొద్ది రోజుల్లో వస్తానని చెప్పి దిగిపోయాడు. తిరిగి ఓడ ఎక్కలేదు. గాలికి ఓడ కొట్టుకుపోయి, 1914 జనవరిలో మునిగింది. మనుషులు మంచు మీదుగా రాంగెల్ దీవికి నడిచారు. ఓడలో మిగిలిన పాతిక మందిలో పదకొండు మంది చనిపోయారు. బతికినవాళ్ళలో అలాస్కా మూలవాసులైన ఒక ఇన్యుపియాట్ కుటుంబం ఉంది. తండ్రి కురలుక్, తల్లి కిరుక్, ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి మూడేళ్ళు. కురలుక్ వేటాడాడు, కిరుక్ కుట్టింది.

కుట్టడం అనగానే తేలిగ్గా తీసుకోకండి. ధ్రువ ప్రాంతంలో బూటుకు చిరుగు పడితే తడి లోపలికి వస్తుంది, తడి గడ్డకడుతుంది, వేళ్ళు చచ్చిపోతాయి, నడక ఆగుతుంది. నడక ఆగినవాడి ప్రాణం అక్కడితో సరి. అందుకే ఆ కుట్టు మన దర్జీ మిషన్ కుట్టులాంటిది కాదు. సూది తోలు మందంలో సగం దాకా దిగి వెనక్కి రావాలి, అవతలికి బెజ్జం పడకూడదు. దారంగా వాడేది కారిబూ అనే ధ్రువప్రాంతపు దుప్పి వెన్ను వెంట తీసిన నరం. అది తడిస్తే ఉబ్బి, తన బెజ్జాన్ని తానే మూసేస్తుంది. మోట తొండం నీళ్ళు కారకుండా కుట్టిన చేతులు మన ఊళ్ళలో ఇంకా మిగిలి ఉంటే, వాళ్ళకు ఈ పని విలువ ఒక్క మాటలో అర్థమవుతుంది. దక్షిణ ధ్రువాన్ని ముందుగా చేరిన ఆముండ్‌సెన్ ఈ విద్యను గుర్తించినవాడు. 1903 నుంచి రెండేళ్ళు కెనడా ఉత్తరాన నెట్సిలిక్ అనే మూలవాసుల పక్కన ఉండి వాళ్ళ బట్టలు వేసుకోవడం నేర్చుకున్నాడు. నేర్చుకోవాల్సినవాళ్ళం మనమే అని ఒప్పుకున్న యూరోపియన్లు ఆ కాలంలో బాగా తక్కువ.

కార్లక్ దుర్ఘటన నుంచి స్టెఫాన్సన్ నేర్చుకున్నది ఏమిటి? ఆర్కిటిక్ స్నేహంగా ఉండే చోటు, తుపాకీ ఉంటే అక్కడ ఎవరైనా బతకొచ్చు అని పుస్తకం రాశాడు. 1921లో మళ్ళీ నలుగురు యువకులను అదే రాంగెల్ దీవికి పంపాడు. దీవిని బ్రిటిష్ జెండా కిందికి తేవాలని అతని కోరిక. బ్రిటన్‌కు గానీ కెనడాకు గానీ అంత ఉత్సాహం లేదు. ఈసారి అతను ఓడ కూడా ఎక్కలేదు. నాయకుడిగా పేరు పెట్టిన క్రాఫర్డ్‌కు ఇరవై ఏళ్ళు. ఆరు నెలలకు సరిపడా తిండి ఇచ్చి, మిగతాది వేటాడుకోమన్నాడు. ఆ నలుగురిలో ఫ్రెడ్ మౌరర్ ఉన్నాడు. అతను కార్లక్ మునిగినప్పుడు ఇదే దీవిలో నెలల పాటు చావు అంచున గడిపి బయటపడ్డవాడు! అలాంటి మనిషిని కూడా తిరిగి అక్కడికి పంపించగలిగిన మాటల బలం స్టెఫాన్సన్‌ది.

బట్టలు కుట్టడానికి అలాస్కాలోని నోమ్ పట్టణంలో ఏడా బ్లాక్‌జాక్‌ను కుదుర్చుకున్నారు. ఇన్యుపియాట్ మహిళ, వయసు 23. భర్త వదిలేశాడు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు పోయారు. మిగిలిన కొడుకు బెన్నెట్‌కు క్షయ, వైద్యానికి డబ్బు లేక అనాథాశ్రమంలో పెట్టింది. నెలకు 50 డాలర్లు ఇస్తామంటే ఒప్పుకుంది. ఇతర ఇన్యుపియాట్ కుటుంబాలు కూడా వస్తాయని చెప్పారు. చివరికి ఎవరూ రాలేదు. నలుగురు పరాయి మగవాళ్ళతో ఆమె ఒక్కతే ఓడ ఎక్కింది. ఎస్కిమో స్త్రీ కాబట్టి వేట పుట్టుకతో వచ్చి ఉంటుందని అనుకునేవాళ్ళకు ఒక మాట. ఆమె మిషనరీల దగ్గర పెరిగింది. కుట్టు వచ్చు, వంట వచ్చు, బైబిల్ చదవడం వచ్చు. తుపాకీ పేల్చడం రాదు. తెల్ల ఎలుగుబంట్లంటే ప్రాణభయం.

1922లో రావాల్సిన ఓడ మంచు అడ్డుపడి వెనక్కి తిరిగింది. తిండి తరిగింది. 1923 జనవరి 28న క్రాఫర్డ్, మౌరర్, గాల్ ముగ్గురూ గడ్డకట్టిన సముద్రం మీదుగా సైబీరియా వైపు నడిచారు. వాళ్ళ ఆచూకీ ఈనాటికీ లేదు. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుతో మంచం పట్టిన నాలుగోవాడు లోర్న్ నైట్‌ను ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. అప్పుడు నేర్చుకుంది ఆమె. నక్కలకు ఉచ్చులు వేయడం, పక్షుల్ని కొట్టడం, సీల్‌ను కాల్చడం, ఎలుగుబంటి దూరంనుంచే కనపడేలా గుడారం పక్కన మంచె కట్టడం. నైట్‌కు తినిపించి, మలమూత్రాలు ఎత్తింది. అతను నొప్పితో, కోపంతో ఆమెను తిట్టేవాడు. నలుగురు మగవాళ్ళు చేయాల్సిన పని ఒక ఆడమనిషి చేయడం ఎంత కష్టమో అతను ఒక్కసారీ ఆలోచించడని ఆమె తన డైరీలో రాసుకుంది. వచ్చీరాని ఇంగ్లీషులో రాసిన ఆ ఒక్క వాక్యం ముందు ధ్రువయాత్రల సాహిత్యంలో వీరోచిత వర్ణనలు నాకు వెలవెలబోయినట్టు అనిపిస్తాయి. జూన్‌లో నైట్ చనిపోయాడు. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు దీవిలో ఆమె, విక్ అనే పిల్లి. ఆగస్టులో ఓడ వచ్చేసరికి ఆమె బతికే ఉంది.

తర్వాత ఏం జరిగింది? ఆమెను కాపాడిన యాత్ర నాయకుడు హెరాల్డ్ నోయిస్ దీవిలోని వాళ్ళ డైరీలు దగ్గర పెట్టుకుని పత్రికలకు కథలు అమ్మాడు. నైట్‌ను ఆమె సరిగా చూసుకోలేదని కూడా రాశాడు. ఆమెను కలిశాక నైట్ తల్లిదండ్రులే ఆమె పక్షాన మాట్లాడారు. స్టెఫాన్సన్ ఈ విషాదం మీద మరో పుస్తకం తెచ్చాడు. వాటి ఆదాయంలో ఆమెకు వాటా లేదు. చేతికి వచ్చింది జీతమూ, తాను పట్టిన నక్కల తోళ్ళ మీద కొన్ని వందల డాలర్లూ.

నాయకుడు లేకపోతే ఈ చేతులన్నీ చెల్లాచెదురయ్యేవి కదా అని కొందరు మిత్రులు వాదిస్తారు. షాకిల్టన్ మనుషుల గుండె జారకుండా చూశాడు, కార్లక్ కెప్టెన్ బార్ట్‌లెట్ స్వయంగా సైబీరియాకు నడిచి సాయం తెచ్చాడు అంటారు. నిజమే. బార్ట్‌లెట్ మీద నాకు గౌరవం ఉంది. కానీ దాదాపు 1100 కిలోమీటర్ల ఆ ప్రయాణంలో ఆయన పక్కన కటక్టోవిక్ అనే యువ ఇన్యుపియాట్ వేటగాడు నడిచాడు. దారిలో సైబీరియా మూలవాసులైన చుక్చీ కుటుంబాలు తిండి పెట్టి పడుకోబెట్టాయి. ఆ నడకను ఇద్దరి నడకగా చెబితే బార్ట్‌లెట్‌కు తగ్గేది ఏమీ లేదు. మరి చెప్పరెందుకు?

నా అసలు బాధ ఇక్కడే ఉంది. ఎక్కడో గదిలో కూర్చుని ఆరు నెలల తిండి చాలని నిర్ణయించినవాడి తప్పును మనం ప్రకృతి ప్రకోపం అంటాం. ఆ తప్పులోంచి తోటివాళ్ళను బయటికి లాగిన కూలిమనిషి నైపుణ్యాన్ని అద్భుతం అంటాం. ఇది వందేళ్ళ కిందటి అలవాటేమీ కాదు. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజులు చిక్కుకున్నారు. భారీ డ్రిల్లింగ్ యంత్రం విరిగిపోయింది. చివరి కొన్ని మీటర్లు చేతులతో తవ్వి వాళ్ళను బయటికి తెచ్చింది ర్యాట్ హోల్ మైనర్లు, అంటే ఎలుక బొరియల్లాంటి ఇరుకు దారుల్లో దూరి తవ్వేవాళ్ళు. ఏ పనిని గ్రీన్ ట్రిబ్యునల్ 2014లో నిషేధించిందో, ఆ పని తెలిసిన చేతులే అక్కరకు వచ్చాయి. దండలు వేశారు, ఫొటోలు దిగారు. మూడు నెలలకే ఆ మైనర్లలో ఒకరి ఇంటిని ఢిల్లీలో ఆక్రమణ అంటూ కూల్చేశారు. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలినప్పుడు మనమూ వాళ్ళనే పిలిపించుకున్నాం. లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. నీటి ఊట ఉన్న చోట పని ఆపాలా వద్దా అనే మాట ఎవరి చేతిలో ఉంది, లోపలికి వెళ్ళినవాళ్ళ మాటకు అక్కడ విలువ ఎంత అన్నదాని మీద కంటే, ఏ మంత్రి ఎన్నిసార్లు వచ్చాడన్న దాని మీద మనం ఎక్కువ చర్చించాం. మన సొరంగాల్లో, గనుల్లో, ఫార్మా కర్మాగారాల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఎక్స్‌గ్రేషియా అంకె పతాక శీర్షిక అవుతుంది. అక్కడ ఏం తప్పు జరగబోతోందో ముందే పసిగట్టిన ఆపరేటరు మాట లోపలి పేజీకి కూడా రాదు.

రాంగెల్ దీవి బ్రిటన్‌దీ కాలేదు, కెనడాదీ కాలేదు. మరుసటి ఏడాదే సోవియట్ ఓడ వచ్చి, నోయిస్ అక్కడ వదిలి వచ్చిన కొత్తవాళ్ళను దీవి నుంచి పట్టుకెళ్ళింది. క్రాఫర్డ్ పేరు కోసం వెళ్ళాడు, మిగతావాళ్ళు సాహసం కోసం వెళ్ళారు, స్టెఫాన్సన్ వెళ్ళనే లేదు. తాను దేనికోసం వెళ్ళిందో అది తెచ్చుకున్నది ఏడా ఒక్కతే. ఆ డబ్బుతో బెన్నెట్‌ను సియాటిల్ తీసుకెళ్ళి వైద్యం చేయించింది. అతను 1972 దాకా బతికాడు. ఆమె 1983లో, 85 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.